రెండో గాలం ఏది కొనాలి?



చేపలు పట్టడం కొందరికి బతుకుతెరువు, కొందరికి సెలవురోజు సరదా. ఈ పూట నేను మాట్లాడేది రెండో రకం వారితో. వల సంగతి కాదు. చేతిలో రాడ్డు పట్టుకుని, రీలు తిప్పుతూ, ఒక్కొక్క చేపనే ఒడ్డుకు తెచ్చుకునేవారి సంగతి. తుంగభద్ర డ్యాం వెనక నీళ్ళ దగ్గర, హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు చెరువుగట్ల మీద, షోలాపూరు జిల్లాలో ఉజని జలాశయం పక్కన, ఒడిశాలో చిలికా ఒడ్డున, యానాంలో గౌతమి గట్టున ఇలాంటివారు కనిపిస్తూనే ఉంటారు. వాళ్ళందరూ ఏదో ఒకనాడు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఒక రాడ్డు ఉంది. ఇంకొకటి కొందామనుకుంటున్నాను. ఏది కొనమంటారు?"

దీనికి నా సమాధానం ముందే చెప్పేస్తాను. రెండో రాడ్డు మొదటిదానికంటే ఖరీదైనది కానక్కరలేదు, మొదటిదానికంటే అందమైనది కానక్కరలేదు. మొదటిది చెయ్యలేని పని చెయ్యాలి. అంతే. తక్కిన ప్రసంగమంతా ఈ ఒక్కమాటకు వివరణే.

ఇది కేవలం డబ్బు లెక్క అనుకోకండి. బలం చాలని రాడ్డుతో పెద్ద చేపను తగిలిస్తే అది దారం తెంపుకుని పోతుంది. మనకు ఒక కొక్కెం పోతుంది, కాస్సేపు బాధపడి మరచిపోతాం. ఆ చేప మాత్రం నోట్లో ఇనుముతో, వెనక బారెడు దారం ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఆ దారం ఏ తూటికాడకో, ఏ గుంజకో చుట్టుకుంటే అక్కడే చస్తుంది. పట్టి వండుకున్న చేపకు లెక్క ఉంది. ఇలా పాడైన చేపకు లెక్క లేదు. అందుకే సరైన సరంజామా ఎంచుకోవడం మన బాధ్యత కూడా.

ముందు మీ దగ్గరున్న మొదటి రాడ్డు సంగతి చూద్దాం. చాలామంది దగ్గర అది ఒకే తీరుగా ఉంటుంది. ఆరున్నర నుంచి ఏడడుగుల పొడవు, మధ్యరకం బలం, రాడ్డు కింద వేలాడే స్పిన్నింగ్ రీలు, దాని మీద 8 నుంచి 10 పౌండ్ల నైలాను దారం. అంటే సుమారు మూడున్నర నుంచి నాలుగున్నర కిలోల లాగుడుకు తెగే దారం. ఇది మంచి సెట్టే. గోధుమపిండి ముద్దకు వచ్చే చిన్న బొచ్చె, శీలావతి, వానపాముకు వచ్చే జెల్ల, చెరువుల నిండా పెరిగిన తిలాపియా, వీటన్నిటికీ ఇది చాలు. చెయ్యి తిరగడానికి కూడా ఇదే మేలు.

ఇప్పుడు ఒక చిన్న పని చెయ్యండి. కిందటి రెండు మూడు నెలల్లో మీ చేతికి రాకుండా పోయిన చేపలను గుర్తు చేసుకోండి. ఎక్కడ పోయాయి? ఎలా పోయాయి? కాగితం మీద రాసుకుంటే మరీ మంచిది. సాధారణంగా నాలుగు రకాల జవాబులు వస్తాయి.

మొదటిది: "తామరాకుల్లో, గుర్రపుడెక్కలో చేప తగిలింది, అక్కడే చుట్టుకుపోయింది, బయటికి లాగలేకపోయాను." రెండోది: "ఉప్పునీటి పాయలో పెద్ద చేప తగిలింది, గుంజలవైపు పరుగెత్తింది, దారం తెగింది." మూడోది: "చేపలు కళ్ళముందు తిరుగుతున్నాయి, కాని చిన్న ఎర విసిరితే నాలుగు గజాలు కూడా పోవడంలేదు." నాలుగోది: "పోయినవంటూ పెద్దగా లేవు." మీ జవాబు నాలుగోదైతే దయచేసి రెండో రాడ్డు కొనకండి. ఆ డబ్బులో కొద్దిగా తీసి కొత్త దారం, పదునైన కొక్కేలు కొనుక్కోండి. మిగిలింది ఇంట్లో ఇవ్వండి.

ఈ రెండో రాడ్డు లెక్కను బాగా తర్కించి తేల్చినవారు అమెరికావారు. అక్కడ బ్లాక్ బాస్ అనే మంచినీటి చేప ఉంది. నాచులో, మునిగిన చెట్ల మొదళ్ళ మాటున నక్కి, దగ్గరికొచ్చినదాన్ని ఒక్కసారిగా మింగుతుంది. దాన్ని పట్టేవారిలో కొందరి పడవలో అరడజను రాడ్లు, ఒక్కొక్క ఎరకు ఒక్కొక్కటి ఉంటాయి. మనకు అంత అక్కరలేదు. కాని రెండోదాని విషయంలో వాళ్ళు మామూలుగా చెప్పే మాట మనకూ పనికొస్తుంది. మొదటిది మధ్యరకం స్పిన్నింగ్ రాడ్డయితే, రెండోది ఏడడుగుల పొడవుతో, మరికాస్త బలంగా, బెయిట్‌కాస్టింగ్ రీలుతో ఉండాలంటారు.

బాస్ మన చెరువుల్లో లేదు. దాని తీరులోనే మాటు వేసి కొట్టే చేపలు మాత్రం మనకు రెండున్నాయి. ఒకటి కొర్రమీను. తమిళంలో విరాల్, మరాఠీలో మరళ్, ఒడియాలో శేఉళ అంటారు. రెండోది పండుగప్ప. ఇంగ్లీషులో దాని పేరే ఏషియన్ సీ బాస్. తమిళులు కొడువా అంటారు, చిలికావారు భేక్టి అంటారు. అమెరికా బాస్‌కూ పండుగప్పకూ పేరులో పోలికే తప్ప దగ్గరి చుట్టరికం లేదు. అయినా రెండూ ఏదో ఒకదాని చాటున ఉంటాయి, తగలగానే ఆ చాటులోకే తిరిగి దూరతాయి. ఆ మొదటి నాలుగు క్షణాల్లో చేపను ఆపగలిగే సరంజామా కావాలి. మన మొదటి రాడ్డు ఓడిపోయేది సరిగ్గా అక్కడే.

ఇక రీళ్ళ సంగతి. మనకు ముఖ్యంగా తెలియవలసినవి రెండు రకాలు.

స్పిన్నింగ్ రీలులో దారం చుట్టిన కండె తిరగదు. విసిరినప్పుడు దాని కొసమీదుగా దారం జారిపోతుంది. షోలాపూరులో, సేలంలో మగ్గాల ఇళ్ళలో పెరిగినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. నాడెలో ఉన్న కండె కదలదు, నూలు కొసనుంచి ఊడివస్తుంది, అలాగే అన్నమాట. ఇంగ్లండులో ఉన్ని మిల్లుల ఊరు బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో ఇలాంటి రీలుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన నూలు వ్యాపారపు కుటుంబీకుడు కావడంలో ఆశ్చర్యం లేదు. ఈ రీలులో లాభమేమిటంటే, తేలికైన ఎర కూడా దూరం పోతుంది, ఎదురుగాలిలోనూ పెద్దగా చిక్కుపడదు.

బెయిట్‌కాస్టింగ్ రీలు రాడ్డు పైన కూర్చుంటుంది. విసిరినప్పుడు కండే తిరుగుతుంది. ఇది పాత ఆలోచన. 19వ శతాబ్దం తొలి రోజుల్లో అమెరికాలోని కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాలు చేసే ఆయన, పిడి ఒకసారి తిప్పితే కండె చాలాసార్లు తిరిగేలా పళ్ళచక్రాలు అమర్చి రీళ్ళు చేశాడు. ఈ రకంలో దారం నేరుగా లోపలికి వస్తుంది కాబట్టి లావు దారానికీ, బరువు లాగడానికీ అనువు. బొటనవేలితో కండెను అదిమి ఎరను అనుకున్న చోట దించవచ్చు. దీనికున్న చిక్కు నిజంగా చిక్కే. ఎర వేగం తగ్గినా కండె తిరుగుతూనే ఉంటే దారం లోపల పిచ్చుకగూడు అల్లుకుంటుంది. దీన్ని తగ్గించడానికి రీలులో బ్రేకులుంటాయి. కొత్తలో బ్రేకు ఎక్కువ బిగించి, ఖాళీ మైదానంలో కొక్కెం లేని బరువు కట్టి వారం పదిరోజులు విసరడం నేర్చుకోవాలి. పది గ్రాములకు తక్కువ బరువున్న ఎరలకు మామూలు బెయిట్‌కాస్టింగ్ రీలు సరిపడదని కూడా గుర్తుంచుకోండి.

రాడ్డు మీద చిన్న అక్షరాల్లో కొన్ని వివరాలు రాసి ఉంటాయి. చాలామంది అవి చదవరు. వాటిలో రెండు మాటలు ముఖ్యం. ఒకటి పవర్, అంటే బలం. వంచడానికి ఎంత జోరు కావాలో అది చెబుతుంది. లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ అని వరసగా పెరుగుతుంది. రెండోది యాక్షన్, అంటే వంపు ఎక్కడ మొదలవుతుందో చెప్పేది. ఫాస్ట్ అంటే కొస భాగమే వంగుతుంది, కింద భాగం కర్రలా నిలుస్తుంది. స్లో అంటే వెదురు బెత్తంలా మొదటిదాకా వంగుతుంది. గట్టి మూతిలోకి కొక్కెం దిగాలంటే ఫాస్ట్ కావాలి. చిన్న కొక్కేలతో, మెత్తని మూతి చేపలకు కాస్త నిదానమైన వంపు మంచిది. దీనితోపాటు ఎంత బరువు ఎర వెయ్యాలో గ్రాముల్లో, ఎంత దారం వాడాలో పౌండ్లలో రాసి ఉంటుంది. ఆ హద్దు దాటితే రాడ్డు విరిగినప్పుడు కొట్టువాణ్ణి అనడానికి ఉండదు.

ఇప్పుడు ఎవరికి ఏది అన్నది చూద్దాం.

చెరువుల్లో కొర్రమీను కోసం తిరిగేవారికి: ఏడడుగుల రాడ్డు, హెవీ లేదా మీడియం హెవీ బలం, ఫాస్ట్ వంపు. దారం 40 నుంచి 50 పౌండ్ల అల్లిక దారం, అంటే బ్రెయిడ్. ఇది సాగదు, సన్నగా ఉండి బలంగా ఉంటుంది, తామర కాడలను కోసుకుంటూ వస్తుంది. ఎరగా రబ్బరు కప్ప. దాని కొక్కేలు వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి కాబట్టి ఆకుల్లో తగులుకోదు. కొర్రమీను గాలి పీల్చడానికి మధ్యమధ్య నీటిపైకి వస్తుంది, ఆ బుడగ చూసి కప్పను కాస్త అవతల వేసి ఇవతలికి నడిపించాలి. చేప కొట్టిన చప్పుడు వినగానే రాడ్డు ఎత్తకూడదు. దారం బిగువుగా కదిలేదాకా ఆగి, అప్పుడు బలంగా ఎత్తి, తల పైకి తిప్పి ఆకుల మీదుగా జారుస్తూ తెచ్చెయ్యాలి. ఇక్కడ మెతక రాడ్డు పనికిరాదు. బెయిట్‌కాస్టింగ్ రీలు అసలైన జోడీ ఇదే. పిడి ఒక చుట్టుకు కండె ఏడుసార్లు తిరిగే రకమైతే వదులు దారం త్వరగా చుట్టుకోవచ్చు. చెయ్యి తిరగనివారు 4000 సైజు స్పిన్నింగ్ రీలుతోనూ ఈ పని చేసుకోవచ్చు, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

యానాం, చిలికా వైపువారికి, పండుగప్ప కోసమైతే: ఏడడుగులకు అటూ ఇటూ మీడియం హెవీ రాడ్డు, 4000 సైజు స్పిన్నింగ్ రీలు, 30 పౌండ్ల అల్లిక దారం. దాని చివర బారెడు పొడవున 40 పౌండ్ల నైలాను లీడర్ తప్పనిసరి. పండుగప్ప మొప్పల కప్పు అంచు చురకత్తిలా ఉంటుంది, మూతి లోపల ఆకురాయిలా గరుకుగా ఉంటుంది. అల్లిక దారం అక్కడ తగిలితే ఇట్టే తెగుతుంది. ఒడ్డున దాన్ని పట్టుకునేటప్పుడు మీ వేళ్ళకూ అదే ప్రమాదం, జాగ్రత్త. పోటు, పాటు నీళ్ళు కదిలే వేళల్లో బతికున్న రొయ్యనో, చిన్న చేపలా ఈదే నకిలీ ఎరనో వాడతారు. నది గాలి జోరుగా ఉండేచోట, ఎర బరువు మారుతూ ఉండేచోట స్పిన్నింగే సుఖం. ఉప్పునీటికి వాడిన ప్రతిసారీ రీలును మంచినీటితో మెల్లగా కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టాలి. ఇది చెయ్యనివాడు ఎంత ఖరీదైన రీలు కొన్నా ఏడాది తిరక్కుండా కరకరలాడిస్తాడు.

కొందరి సంగతి తలకిందులుగా ఉంటుంది. మొదటే ఎవరో చెప్పారని బండ రాడ్డు కొని ఉంటారు. దానితో తిలాపియా పట్టబోతే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. చేప తగిలిందో లేదో కూడా చేతికి తెలియదు. అలాంటివారి రెండో రాడ్డు తేలికది కావాలి. ఆరు, ఆరున్నర అడుగుల లైట్ రాడ్డు, 2000 సైజు రీలు, 6 పౌండ్ల దారం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు చెప్పండి?

కొట్లో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఒక చిటికెడు దూది తీసుకుని వెళ్ళండి. రాడ్డు రింగుల లోపల దాన్ని తిప్పండి. పోగు అంటుకుంటే అక్కడ పగులుంది. ఆ పగులు కొత్త దారాన్ని కోస్తుంది. రెండు ముక్కల రాడ్డయితే అతుకు కలిపి, కంటి దగ్గర పెట్టి, రింగులన్నీ ఒక వరసలో ఉన్నాయా చూడండి. రీలు రాడ్డుకు బిగించి చూపమనండి. రీలు ముందు ఒక వేలి మీద నిలబెడితే కొస మరీ కిందికి వాలకూడదు, లేకపోతే గంటలో మణికట్టు నొప్పి పుడుతుంది. పిడి అటూ ఇటూ ఊగకూడదు. డ్రాగ్ అనే బిగింపు ఉంటుంది, చేప బలంగా లాగితే దారాన్ని నిదానంగా వదిలేది. దారం చేత్తో లాగి చూడండి. కుదుపు లేకుండా ఒకే తీరుగా రావాలి. డబ్బు తక్కువైతే రాడ్డులో తగ్గించుకోండి కాని, డ్రాగ్ బాగాలేని రీలు మాత్రం తీసుకోకండి.

ఇంటికి వచ్చాక అల్లిక దారాన్ని నేరుగా కండె మీద చుట్టకండి. నున్నటి కండె మీద అది మొత్తంగా జారి తిరుగుతుంది. ముందు కొన్ని చుట్లు నైలాను వేసి, దానికి ముడివేసి పైన ఇది చుట్టాలి. ఏ ముడి అయినా బిగించే ముందు తడి చెయ్యండి. పొడిగా బిగిస్తే ఒరిపిడి వేడికి నైలాను బలం తగ్గుతుంది. డ్రాగ్ బిగువు దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య ఉంచాలి. 30 పౌండ్ల దారమైతే స్ప్రింగు త్రాసు తగిలించి లాగినప్పుడు మూడున్నర, నాలుగు కిలోల దగ్గర దారం వదలాలి.

ఇక ప్రాణాల మీదికి వచ్చే విషయం ఒకటి. ఇప్పటి రాడ్లలో చాలావరకు కార్బన్‌తో చేసినవి. గ్రాఫైట్ అని రాసి ఉన్నా అదే. కార్బన్‌లోంచి కరెంటు పారుతుంది. మన చెరువుగట్ల మీదుగా, కాలవల మీదుగా కరెంటు తీగలు పోతూ ఉంటాయి. వాటి కింద రాడ్డు ఎత్తడం, విసరడం ఎంతమాత్రం తగదు. తీగను తాకకపోయినా, బాగా దగ్గరైతే చాలు, ప్రమాదమే. ఉరుము వినబడగానే రాడ్డు నేలమీద పెట్టి నీళ్ళకు దూరంగా వచ్చెయ్యండి. పిల్లలను వెంట తీసుకువెళ్ళేవారు ఈ మాట వాళ్ళకు ముందే చెప్పాలి.

బలమైన రాడ్డు చేతికి వచ్చాక నిగ్రహం కూడా కావాలి. వానాకాలంలో కొర్రమీను పిల్లలు నీటిపైన ఎర్రటి గుంపుగా తిరుగుతాయి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద కప్పను వేస్తే ఆకలి లేకపోయినా కోపంతో కొడతాయి. పట్టడం తేలికే. కాని పెద్దవి పోయిన తరవాత ఆ పిల్లలను తక్కిన చేపలు మిగలనివ్వవు. ఒక్క పూట కూరకోసం ఒక సంతతి పోతుంది. ఎర్రగుంపు కనబడితే గాలం చుట్టేసి పక్క రేవుకు వెళ్ళండి. పండుగప్ప సంగతి ఇంకా చిత్రం. అది మొదట మగచేపగా ఎదిగి, కొన్నేళ్ళకు ఆడచేపగా మారుతుంది. కాబట్టి బాగా పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టే ఆడవే. మధ్యరకం చేపను ఇంటికి తెచ్చుకుని, మరీ పెద్దదాన్ని నీళ్ళలోకి వదిలేస్తే రేపటికి చేపలుంటాయి.

అనుమతి మాట కూడా మరవకండి. చాలా జలాశయాల్లో, చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలకో, పాట పాడుకున్నవారికో ఉంటుంది. వాళ్ళను అడిగి వెయ్యడం మర్యాద, చట్టం కూడా. యానాం పక్కనే ఉన్న కోరంగి, చిలికాలోని నలబన వంటి అభయారణ్యాల్లో అనుమతి లేకుండా వేట కూడదు. తెగిన దారం ముక్క ఒక్కటి కూడా గట్టుమీద వదలకండి. కొంగల కాళ్ళకు, పశువుల గిట్టలకు చుట్టుకుంటుంది. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి, ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వెయ్యండి.

చివరగా ఒక పరీక్ష చెబుతాను. రెండు రాడ్లూ పక్కపక్కన పెట్టి, "ఇది ఏ పనికి, అది ఏ పనికి" అని మిమ్మల్ని మీరే అడగండి. రెండిటికీ ఒకే జవాబు వస్తే మీరు రెండోది కొనలేదు, మొదటిదాన్నే రెండుసార్లు కొన్నారు. వేర్వేరు జవాబులు వస్తే ఇక మూడోదాని గురించి చాలాకాలం ఆలోచించనక్కరలేదు. ఆ డబ్బుతో దారం మార్చుకోండి, కొక్కేలు పదును పెట్టుకోండి, తీరిక దొరికిన తెల్లవారుజామున నీటి దగ్గరికి వెళ్ళండి.